హోటల్లో బంగారు గొలుసు దొరికింది, ఎవరిదో తెలీదు. చట్టం ప్రకారం ఏం చేయాలి?

కావలి_టిఫిన్
మాది కావలి బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటలు. ఆదివారం పొద్దున రద్దీ తగ్గాక ఊడుస్తుంటే మా దగ్గర పనిచేసే అత్తకి గోడవారన బెంచీ కింద చిన్న గుడ్డసంచి కనిపించింది. విప్పితే బంగారు గొలుసు. చూపుకి (బరువు తీసేశాం: నిర్వాహకుడు) ఉంటుంది. ఆమె అట్టాగే తెచ్చి మా నాయన చేతికిచ్చింది. సంచిలో పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. పెళ్లిళ్ల రోజు కావడంతో బస్సులు దిగినవాళ్లు గుంపులుగా తిని వెళ్లారు. ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారో గుర్తు లేదు. కెమెరా ఉంది గానీ అది గల్లాపెట్టె వైపే చూస్తుంది.

అప్పట్నుంచి ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. ఇంట్లో పెట్టుకుంటే దొంగసొమ్ము అంటారేమో, స్టేషన్‌కి తీసుకుపోతే మమ్మల్నే అనుమానిస్తారేమో అని మా నాయనకి నిద్ర పట్టడం లేదు. పోగొట్టుకున్న ఆడమనిషి ఇంట్లో ఎన్ని మాటలు పడుతోందో అని మా అమ్మకి టెన్షన్. ఆ గొలుసు మాకు వద్దు. మేం మాట పడకుండా అది దాని మనిషికి చేరాలి. చట్టం తెలిసినవాళ్లు దారి చెప్పండి.

ట్రంకురోడ్డు_రవి
కొన్నాళ్లు ఆగండి. తిన్నచోటు ఎవరూ మర్చిపోరు, వెతుక్కుంటూ వాళ్లే వస్తారు.

పెన్నొడ్డు_భక్తుడు
ఎవరూ రాకపోతే నెల్లూరొచ్చి రంగనాయకుల స్వామి హుండీలో వేసేయండి. మీకు పాపం అంటదు, ఎవరి నోళ్లలోనూ పడరు. మా పెద్దలు అదే చేసేవాళ్లు.

ఒంగోలు_గుమాస్తా
హుండీ మాట వద్దు. మనది కాని సొమ్మును దేవుడికైనా సరే ఇచ్చే హక్కు మనకి లేదు. రేపు యజమాని వచ్చి అడిగితే ఏం చూపిస్తారు? నేను ఒంగోలు కోర్టులో ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. కాస్త వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఇలా వస్తువులు దొరికినవాళ్ల కోసమే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 71వ సెక్షన్ ఉంది. కింద పడి ఉన్నదాన్ని చూసీ తీయకుండా వెళ్లిపోతే మీకు బాధ్యత లేదు. చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఎవరో నమ్మి మీ దగ్గర దాచిపెట్టిన వస్తువుతో సమానం. ఎంత జాగ్రత్త పడాలో 151 చెబుతుంది: మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎంత పదిలంగా చూసుకుంటాడో అంత. అంత జాగ్రత్త పడ్డా దొంగలు పడి ఎత్తుకుపోతే 152 ప్రకారం మీ మీద పూచీ ఉండదు. కాబట్టి మీ నాయన గారిని బీరువాలో పెట్టి తాళం వేసుకుని పడుకోమనండి.

ఇక నేరం సంగతి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 403 ఇప్పుడు 314. దొరికినదాన్ని కాపాడి యజమానికి ఇద్దామని తీసుకుంటే నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. యజమాని ఎవరో తెలిసి వాడుకున్నా, తెలుసుకునే దారి ఉన్నా వెతక్కుండా వాడుకున్నా, వాళ్లు వచ్చి అడగడానికి తగినంత కాలం ఆగకుండా సొంతం చేసుకున్నా నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా. పాత చట్టంలో జరిమానాతో వదిలేసే వీలుండేది, ఇప్పుడు లేదు.

అంటే మీరు ఇప్పటిదాకా చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఇకమీద ఏం చేస్తారన్నదే చూస్తారు.

ట్రంకురోడ్డు_రవి
గుమాస్తా గారూ, తగినంత కాలం అంటే ఎంత? వారమా, నెలా, ఏడాదా?

ఒంగోలు_గుమాస్తా
చట్టంలో అంకె లేదు. వస్తువును బట్టి, దొరికిన చోటును బట్టి కోర్టు తేలుస్తుంది. ఆ సెక్షన్ కిందే ఉదాహరణలున్నాయి. పెద్ద రోడ్డు మీద ఎవరిదో తెలియని రూపాయి దొరికి తీసుకుంటే నేరం కాదు. విలువైన ఉంగరం దొరికితే, ఎవరిదా అని కనుక్కునే ప్రయత్నం చేయకుండా వెంటనే అమ్మేసినవాడు దోషి. ఉత్తరంలో బ్యాంకు నోటు దొరికి, పైనున్న చిరునామా వల్ల ఎవరిదో తెలిసీ ఉంచేసుకున్నవాడూ దోషే. గొలుసు ఉంగరం లెక్కలోకి వస్తుంది, రూపాయి లెక్కలోకి రాదు.

ఉలవపాడు_మామిడితోట
చట్టం బాగానే ఉంది సార్, స్టేషన్ గడప తొక్కితే తెలుస్తుంది. మా బాబాయికి రోడ్డు మీద పర్సు దొరికితే మంచికి పోయి ఇవ్వబోయాడు. ఏ ఊరి స్టేషనో చెప్పను. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఇందులో ఇంకా డబ్బుండాలే, మిగతాది ఏదని అడిగారంట. ఇప్పుడాయన రోడ్డు మీద నోట్ల కట్ట కనిపించినా తల తిప్పుకుని పోతాడు. కావలి అన్నా, నీ మంచి కోసం చెప్తున్నా, తొందరపడొద్దు.

కనిగిరి_పద్మ
ఉలవపాడు అన్నా, మీ బాబాయికి జరిగింది అన్యాయమే. కానీ అవతలివైపు నుంచి కూడా ఒకసారి చూడండి. మా అక్క తాళిగొలుసు బస్సులో జారిపోయింది. కొక్కెం వదులైందట, చూసుకోలేదు. ఇంటికొచ్చాక అత్తగారు అన్న మాటలు ఇక్కడ రాయలేను. అమ్ముకుని పుట్టింటికి ఇచ్చిందని కూడా అన్నారు. ఆ కండక్టరు పుణ్యాత్ముడు. సీటు సందులో దొరికిన గొలుసును డిపోలో అప్పగించి రాయించాడు. మేం డిపోకి ఫోన్ చేస్తే టికెట్ చూపించి తీసుకెళ్లమన్నారు. దొరికినవాళ్లు భయపడి తల తిప్పుకుని పోయి ఉంటే మా అక్క కాపురం ఏమయ్యేదో.

కావలి_టిఫిన్
పద్మక్కా, మా అమ్మకి ఇది చదివి వినిపించా. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎట్టాగైనా చేర్చాల్సిందే అంటోంది.

మార్కాపురం_పలక
ముందు ఆ మొదటి పోస్టులోంచి బరువు తీసేయండి బాబూ! ఊరు, చోటు, రోజు, బరువు అన్నీ రాసేశారు. ఇది చదివిన ఎవడైనా పొద్దున్నే వచ్చి అది మా అమ్మదే అంటాడు.

నిర్వాహకుడు
తీసేశాను. గొలుసు మోడల్, లాకెట్, కొక్కెం గురించి ఎవరూ అడగొద్దు, రాయొద్దు.

కావలి_టిఫిన్
మార్కాపురం అన్న చెప్పినట్టే అయింది. మా బావమరిది ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాడు. చూడగానే తీయించా, కానీ ఆలోపే ఊరంతా తిరిగింది. ఇవాళ పొద్దున ఒకాయన వచ్చి అది తన భార్యదన్నాడు. సంచి ఏ రంగు అని మా నాయన అడిగితే ఎరుపన్నాడు. కాదు. ఎప్పుడు తిన్నారంటే శనివారం రాత్రి అన్నాడు. రాత్రిళ్లు మేం హోటలు తియ్యం. గట్టిగా అడిగేసరికి అరిచి గొడవ చేసి వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాడేమో అని భయంగా ఉంది.

ట్రంకురోడ్డు_రవి
నేను ఆగమన్నది ఇట్టాంటివాళ్ల కోసం కాదు. సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇక ఇంట్లో ఉంచుకోవద్దు.

ఒంగోలు_గుమాస్తా
అవును, ఇక ఆలస్యం చేయొద్దు. తప్పుడు మనిషి చేతికి ఇస్తే అసలు యజమానికి మీరే జవాబుదారీ.

ఉలవపాడు తమ్ముడి భయం ఊరికే పుట్టలేదు. దానికి విరుగుడు స్టేషన్‌కి పోకుండా ఉండటం కాదు, నోటిమాటతో పోకుండా ఉండటం. తెల్ల కాగితం మీద రాయండి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరి కంట పడింది, అప్పుడు అక్కడ ఎవరెవరున్నారు. గొలుసు బరువు కాటా మీద తూయించి ఆ చీటీ జత చేయండి. ఫోటోలు తీసి పెట్టుకోండి, ఎవరికీ పంపొద్దు. చూసిన ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి. స్టేషన్‌లో రోజూ రాసే జనరల్ డైరీలో ఎక్కించమని అడిగి ఆ నంబరు రాసుకోండి. వస్తువు తీసుకుంటే పంచనామా రాస్తారు, దాంట్లో బరువు సరిగ్గా పడిందో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఒంటరిగా వద్దు, మీ వార్డులో నలుగురికీ తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

దొరికిన ప్రతిదీ పోలీసులకే ఇవ్వాలని కాంట్రాక్టు చట్టంలో లేదు. యజమానిని మీరే వెతికి ఇచ్చినా సరిపోతుంది. కాకపోతే బంగారం విషయంలో, అదీ ఒకడు వచ్చి గొడవ చేసి వెళ్లాక, ఆ ముద్ర పడ్డ కాగితమే మీకు రక్ష. వచ్చినవాడి సంగతి కూడా అందులో రాయండి.

చీరాల_చేనేత
ఆర్నెల్లు ఎవరూ రాకపోతే గొలుసు దొరికినవాళ్లకే ఇచ్చేస్తారంట కదా? ఎక్కడో చదివాను.

ఒంగోలు_గుమాస్తా
మన దగ్గర అట్టా లేదు. స్టేషన్‌లో ఇచ్చిన వస్తువు వివరాలు మెజిస్ట్రేటుకి వెళ్తాయి. యజమాని తెలియకపోతే ఫలానా వస్తువు ఉంది, హక్కున్నవాళ్లు ఆరు నెలల్లో వచ్చి రుజువు చేసుకోండని ప్రకటన ఇస్తారు. నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503 అది, పాత సీఆర్‌పీసీలో 457. గడువులోపు ఎవరూ రాకపోతే 504 ప్రకారం ప్రభుత్వానికి పోతుంది. మీరు చదివింది వేరే దేశం సంగతి అయ్యుంటుంది.

టోక్యో_టు_టంగుటూరు
జపాన్‌లో ఆ పద్ధతి ఉంది. పోలీసులకి అప్పగిస్తే మూడు నెలలు చూసి, ఎవరూ రాకపోతే దొరికినవాళ్లకి ఇస్తారు. ముందు ఆరు నెలలుండేది, తగ్గించారు. యజమాని వచ్చినా విలువలో నూటికి 5 నుంచి 20 దాకా బహుమతి అడిగే హక్కు చట్టంలోనే ఉంది. నేను గొడుగు ఇచ్చి రసీదు తెచ్చుకున్నా.

ఉలవపాడు_మామిడితోట
గొడుక్కి రసీదా! మా బాబాయిని అక్కడికి పంపించాలి.

చీరాల_చేనేత
మన దగ్గర ప్రభుత్వానికి పోయేట్టయితే దొరికినవాడు ఎందుకు ఇస్తాడు? చట్టమే జనాన్ని దాచుకోమంటున్నట్టుంది. కాస్తయినా దొరికినవాళ్లకి ఇవ్వాలి, అప్పుడే జనం ముందుకొస్తారు.

ఒంగోలు_గుమాస్తా
మీ బాధ నిజమే. జపాన్ పద్ధతిలాంటిది మనకీ వస్తే బాగుంటుందని నేనూ అంటాను. ఉన్న చట్టం మాత్రం నేను చెప్పింది.

ఆచారివీధి_కంసాలి
ఇప్పటిదాకా అందరూ చట్టం చెప్పారు, గొలుసును ఎవరూ చూడమనలేదు. తమ్ముడూ, కొక్కెం దగ్గర ఉన్న చిన్న రేకు మీద గానీ, చివరి రింగు మీద గానీ భూతద్దం పెట్టి చూడు. హాల్‌మార్క్ ఉంటే త్రిభుజం గుర్తు, 22కే916 అని స్వచ్ఛత, పక్కన ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఉంటుంది. దాన్ని హెచ్‌యూఐడీ అంటారు. 2021 జూలై నుంచి మొదలైంది, 2023 ఏప్రిల్ 1 తర్వాత షాపులో కొత్తగా అమ్మే హాల్‌మార్క్ నగ మీద అది తప్పనిసరి. ఏ రెండు నగలకీ ఒకే కోడ్ ఉండదు.

బీఐఎస్ కేర్ అని యాప్ ఉంది. అందులో హెచ్‌యూఐడీ సరిచూసే చోట ఆ ఆరూ కొడితే హాల్‌మార్క్ వేయించిన నగల వ్యాపారి వివరాలు, ఏ సెంటర్లో వేశారు, ఏ రకం నగ అన్నీ వస్తాయి. కొన్నవాళ్ల పేరు రాదు. కానీ షాపు తెలిస్తే వాళ్ల బిల్లు పుస్తకంలో దొరుకుతుంది. పాత నగైతే కోడ్ ఉండదు, షాపు పేరు పొడి అక్షరాల్లో సీలు ఉంటుంది. మా వీధిలో పెద్దవాళ్లు ఆ సీలు చూసి ఎవరి చేతి పనో చెప్పేస్తారు.

ఇంకోటి. ఎవరి దగ్గరికైనా చూపించడానికి తీసుకెళ్తే కరిగించి స్వచ్ఛత చూస్తామంటే ఒప్పుకోవద్దు, గీటురాయి కూడా వద్దు. కాటా వరకే.

ఒంగోలు_గుమాస్తా
కంసాలి గారూ, ఈ కేసుకి అసలైన మాట మీరు చెప్పారు. 314 వివరణలో యజమానిని తెలుసుకునే దారి అని నేను రాశానే, ఆ కోడ్ అట్టాంటి దారి. అది ఉండీ చూడలేదంటే రేపు కోర్టులో ఎంతో వెతికామని చెప్పుకోవడానికి ఉండదు.

గూడూరు_రైలుబండి
ఇట్టా దొరికిన నగని ఎవరైనా కొనేస్తే?

ఆచారివీధి_కంసాలి
బిల్లు లేకుండా, ముఖం తెలియనివాళ్లు తెచ్చిన నగ నేనైతే ముట్టుకోను. చవగ్గా వస్తుందని ఆశపడి కొని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను చూశాను.

ఒంగోలు_గుమాస్తా
అపహరించిన సొమ్మే కాదు, 314 కింద కాజేసిన సొమ్ము కూడా చట్టం దృష్టిలో దొంగసొమ్మే. తెలిసి కొన్నా, దాచినా 317 కింద మూడేళ్ల దాకా జైలు.

మార్కాపురం_పలక
ఇంకో మాట. అందరూ కావలి వాళ్ల నాయనకి దొరికినట్టే మాట్లాడుతున్నారు. దొరికింది ఆ పనిచేసే అత్తకి కదా? రేపు మెప్పు వచ్చినా, డబ్బు వచ్చినా ఆమెకి రావాలి. కాగితంలో ఆమె పేరు మొదట ఉండాలి.

ట్రంకురోడ్డు_రవి
హోటలు వాళ్లది, జీతం ఇచ్చేది వాళ్లు. పనిలో ఉండగా దొరికింది యజమానికే చెందుతుంది కదా?

ఒంగోలు_గుమాస్తా
న్యాయ కళాశాలల్లో మొదటి ఏడాదే చెప్పే పాత కేసు ఒకటుంది. 1722, లండన్. పొగగొట్టాలు తుడిచే పిల్లవాడికి నగ దొరికింది. వెల కట్టించుకుందామని కంసాలి దుకాణానికి తీసుకెళ్తే అక్కడి పనివాడు రాళ్లు ఊడదీసి ఉంచుకుని ఖాళీ చట్రం తిరిగిచ్చాడు. పిల్లవాడు కోర్టుకెక్కాడు. అసలు యజమాని తప్ప ఇంకెవరు అడిగినా దొరికినవాడి హక్కే గట్టిదని తీర్పు వచ్చింది. ఆర్మరీ, డెలామిరీ కేసు అంటారు.

రవి గారు అడిగిందీ వాదించదగ్గదే. జీతం మీద పనిచేస్తూ యజమాని చోట వస్తువు తీస్తే ఆ స్వాధీనం ఎవరిదనేదాని మీద తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. ఇక్కడ ఆ తగువు లేదు, ఎవరికీ గొలుసు వద్దు. మార్కాపురం గారి మాట మాత్రం నాకు నచ్చింది. మొదట చూసింది ఆమె, ఆమె చెప్పిందే మొదటి సాక్ష్యం. పేరు రాయండి.

ఆచారివీధి_కంసాలి
1722లో మా కంసాలి అట్టా చేశాడా! ఈ కాలంలో మా కాటా మీదికి వచ్చిన నగ వచ్చినట్టే తిరిగి వెళ్తుంది.

కావలి_టిఫిన్
అత్త పేరే ముందు రాస్తాం. ఆమె చేతులు కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి నాయన చేతిలో పెట్టింది. ఆమెకున్న అప్పులు మాకు తెలుసు. అందుకే మా ఇంట్లో అందరికీ ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

చీరాల_చేనేత
యజమాని దొరికాక బహుమతి అడగొచ్చా? ఆమెకి ఏదో ఒకటి రావాలి.

ఒంగోలు_గుమాస్తా
కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్. వస్తువును కాపాడటానికి, యజమానిని వెతకడానికి మీ అంతట మీరు పెట్టిన ఖర్చు కోసం దావా వేయలేరు. కానీ ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువును మీ దగ్గర ఆపుకోవచ్చు. యజమాని ముందే ఇంత బహుమతి ఇస్తానని ప్రకటించి ఉంటే ఆ మొత్తానికి దావా కూడా వేయొచ్చు. ప్రకటించకపోతే అది వాళ్ల ఇష్టం.

ఇందులో కూడా ఒక మెలిక ఉంది. 1913లో అలహాబాద్ హైకోర్టు, లాల్‌మన్ శుక్లా కేసు. ఒకాయన మేనల్లుడు ఇంట్లోంచి పారిపోతే గుమాస్తాని హరిద్వార్ పంపించారు. ఆయన వెళ్లాక ఇక్కడ పిల్లవాణ్ణి కనిపెట్టినవాళ్లకి 501 రూపాయలు ఇస్తామని కరపత్రాలు వేశారు. గుమాస్తాకి ఆ సంగతి తెలియకముందే పిల్లవాడు దొరికాడు. తర్వాత 501 కోసం దావా వేస్తే ఓడిపోయాడు. ప్రకటన తెలియకుండా చేసిన పనికి ఒప్పందం లేదన్నారు. మా గుమాస్తాలందరికీ ఆయన మీద జాలి.

169 కూడా ఉంది. యజమాని ఎంత వెతికినా దొరక్క, వస్తువు పాడైపోయేలా ఉంటేనో, ఖర్చు దాని విలువలో మూడింట రెండొంతులకు చేరితేనో అమ్మొచ్చు. బుట్టెడు మామిడిపళ్లు దొరికితే పనికొస్తుంది. బంగారం కుళ్లదు కాబట్టి ఆ సెక్షన్ మీకు పనికిరాదు.

ఉలవపాడు_మామిడితోట
మా ఊరి పళ్లు పోగొట్టుకునేవాళ్లు ఉండరు సార్, దొరికినవాళ్లు తిరిగివ్వరు.

ఉదయగిరి_కొండ
సందు దొరికింది కాబట్టి అడుగుతున్నా. మా వైపు పాత గోడలు, పునాదులు తవ్వితే నాణేలు దొరికాయని చెప్పుకుంటుంటారు. అది కూడా ఇదే లెక్కా?

ఒంగోలు_గుమాస్తా
కాదు, దానికి వేరే చట్టం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. భూమిలో దాచిన, పది రూపాయలకు మించిన విలువున్న ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నీ రాయాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి విచారిస్తారు. ఎవరిదీ కాదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, ఆ స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తగిన వెల ఇచ్చి తీసుకునే వీలు కూడా ఉంది. చెప్పకుండా దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. ప్రాచీన వస్తువులైతే పురావస్తు చట్టాలు కూడా వర్తిస్తాయి. కోట దగ్గర గడ్డపారతో తిరగడం మాత్రం అసలు వద్దు, రక్షిత కట్టడం జోలికి పోతే అది వేరే నేరం.

గూడూరు_రైలుబండి
రైల్లో దొరికిన వాటికి నేను చెబుతా, రోజూ పినాకినిలో తిరుగుతుంటా. సీటు కింద బ్యాగు కనిపిస్తే ముందు దాన్ని తెరవొద్దు. ఏముందో తెలియదు కదా. 139కి ఫోన్ చేసి బోగీ, సీటు నంబరు చెప్పండి, లేదా టీటీఈకో ఆర్పీఎఫ్‌కో (రైల్వే రక్షణ దళం) చూపించండి. మర్చిపోయిన సామాను తిరిగిచ్చేందుకు ఆర్పీఎఫ్ వాళ్లకి ఆపరేషన్ అమానత్ అని ఉంది. మన ఊరి స్టేషన్లో దిగి ఇంటికి తీసుకెళ్లి ఫోన్ చేద్దాంలే అనుకోవద్దు. పోగొట్టుకున్నవాళ్లు ఆ రైలునే వెతుకుతుంటారు.

కనిగిరి_పద్మ
ఫోన్ దొరికితే?

టోక్యో_టు_టంగుటూరు
స్విచాఫ్ చేయొద్దు, చార్జింగ్ పెట్టండి, సిమ్ తీయొద్దు. వాళ్లే కాల్ చేస్తారు. చేయకపోతే స్టేషన్‌లో ఇవ్వండి. పోగొట్టుకున్నవాళ్లు సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైటులో ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోన్‌కీ వేరుగా ఉండే నంబరు) బ్లాక్ చేస్తారు, తర్వాత వేరే సిమ్ వేసినవాళ్ల ఆచూకీ తెలిసిపోతుంది. పాత ఫోన్ చవగ్గా కొనేవాళ్లు కూడా స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఆ నంబరు అక్కడ సరిచూసుకోండి.

పెన్నొడ్డు_భక్తుడు
నా అకౌంట్లో ఎవరివో డబ్బులు పడితే? అదీ దొరికిన సొమ్మేనా?

ఒంగోలు_గుమాస్తా
పొరపాటున వచ్చిన డబ్బు తిరిగివ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 72 చెబుతుంది. కానీ ఫోన్ చేసి పొరపాటున పంపాను, ఈ నంబరుకి తిరిగి కొట్టండి అనేవాళ్లకి నేరుగా పంపొద్దు, మోసాలు చాలా ఉన్నాయి. మీ బ్యాంకుకి రాసివ్వండి, వచ్చిన దారినే వెనక్కి పంపిస్తారు.

కావలి_టిఫిన్
అందరికీ ఒక కబురు. కంసాలి అన్న చెప్పినట్టు భూతద్దం పెట్టి చూస్తే కోడ్ కనిపించింది. యాప్‌లో కొడితే షాపు వివరాలు వచ్చాయి. మేం షాపుకి ఫోన్ చేయలేదు. గుమాస్తా గారు చెప్పినట్టు కాగితం రాసి, కాటా చీటీ జత చేసి, మా వార్డు పెద్దాయన్ని, అత్తని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాం. ఉలవపాడు అన్నా, మమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రాతకోతలన్నీ సిద్ధంగా ఉండటంతో ఎస్సై గారు ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. కోడ్ సంగతి చెబితే ఆయనే షాపుకి ఫోన్ చేశారు. వాళ్లు కొన్నవాళ్ల నంబరు మాకు ఇవ్వలేదు, పోలీసులతోనే మాట్లాడారు. అదే మంచిదనిపించింది.

మార్కాపురం_పలక
తర్వాత? ఊపిరి బిగపట్టి చదువుతున్నాం ఇక్కడ.

కావలి_టిఫిన్
లింగసముద్రం వైపు వాళ్లంట. చెల్లెలి పెళ్లికి పోతూ, దారిలో వేసుకుంటే భయమని గుడ్డసంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుంది. పిల్లాడు దోసె కావాలని మారాం చేస్తే లేచింది, అప్పుడు జారిపోయింది. బస్సులో పోయిందనుకుని డిపోల చుట్టూ తిరుగుతున్నారు, మా హోటలు వాళ్ల తలపుకే రాలేదు. బిల్లు తెచ్చారు, ఆమె ఆ గొలుసు వేసుకున్న పాత ఫోటో తెచ్చారు, సంచి రంగు అడగకుండానే చెప్పారు. స్టేషన్లోనే కాగితాలన్నీ రాయించుకుని ఆమె చేతికిచ్చారు. ఆమె ముందు అత్త కాళ్లకి దండం పెట్టబోయింది. అత్త పట్టుకుని లేపింది.

కనిగిరి_పద్మ
తమ్ముడూ, మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఆ అత్తకి రెండు చెప్పు.

పెన్నొడ్డు_భక్తుడు
హుండీలో వేసి ఉంటే ఆ తల్లికి చేరేది కాదు. మా ఇంట్లోవాళ్లకి కూడా ఈ చర్చ చదివించా.

చీరాల_చేనేత
బహుమతి సంగతి?

కావలి_టిఫిన్
వాళ్లు మా నాయనకి ఇవ్వబోతే ఆయన అత్తని చూపించాడు. ఎంత ఇచ్చారో ఆమె మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఒక చీర కూడా పెట్టారు. మళ్లీ ఈ దారిన వస్తే మా హోటల్లోనే కారం దోసె తినాలని అమ్మ వాళ్లతో మాట తీసుకుంది.

ఒంగోలు_గుమాస్తా
చాలా సంతోషం. ఒక పని మిగిలింది. వస్తువు ఆమెకి ముట్టినట్టు రాసిన కాగితం నకలు మీ దగ్గర ఉండాలి. ముద్ర పడ్డ మీ అర్జీ, కాటా చీటీ, ఆ నకలు మూడూ కలిపి కుట్టి దాచండి. అరిచి వెళ్లినవాడు రేపు వేరే పేచీ పెట్టినా అవి చాలు.

కావలి_టిఫిన్
నకలు అడిగి తీసుకున్నాం సార్. దాంట్లో దొరికినవారు అనేచోట అత్త పేరు రాసి ఉంది, పక్కనే ఆమె వేలిముద్ర ఉంది. ఒక జిరాక్స్ ఆమె కూడా అడిగి తీసుకుంది, వాళ్ల అమ్మాయికి చూపించాలంట.